ఏదీ ముందు అనుకోకుండా వాయించింది ఆల్బమ్‌గా వింటే బాగుంటుందా?

బాణీ, తాళం ఏదీ ముందు అనుకోకుండా అప్పటికప్పుడు వాయించిన సంగీతం రికార్డుగా విన్నా తృప్తినిస్తుందా, లేక ఎదురుగా కూర్చుని వినాల్సిందేనా అని అడిగారు. నా మట్టుకు కొన్ని ఆల్బమ్‌లు ఇస్తాయి. చాలావాటికి నా ఓపిక చాలదు.

నేను గిటార్ వాయిస్తాను. స్నేహితులతో కలిసి ఇలాగే వాయించి రికార్డు చేసుకునే అలవాటు ఉండేది. వాయించేటప్పుడు అవతలివాడు ఏం చేస్తాడా అని కాచుకోవడంలోనే మజా అంతా. తర్వాత వింటే బోరు కొట్టేదీ అదే. ఎవరో ఒకరికి ఏదో ఒకటి దొరికేదాకా వెతుకులాట. కచేరీలో అయితే అది కళ్లకు కనిపిస్తుంది: డ్రమ్మర్ తలెత్తి చూస్తాడు, బేస్ వాయించేవాడు చెయ్యి ఆపి వింటాడు. రికార్డులో ఆ చూపులు ఉండవు. 1965లో లండన్‌లో మొదలైన ఏఎమ్ఎమ్ బృందంలో వాయించిన కార్నీలియస్ కార్డ్యూ, ఇలాంటి సంగీతాన్ని పట్టిన టేపులు దాదాపు ఖాళీవేనన్నట్టు రాశాడు. నేనంత దూరం పోను.

ఎందుకంటే అమెరికన్ జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్ జర్మనీలోని కొలోన్‌లో అప్పటికప్పుడు వాయించిన కచేరీ ఆల్బమ్ ఉంది. 1975 జనవరిలో ఆయనకు దొరికిన పియానో బాగాలేదు. పై స్వరాలు పీలగా, కింది స్వరాలు బలహీనంగా పలికేవి. దాంతో ఎక్కువగా మధ్య స్వరాల్లోనే ఉండి, ఎడమ చేత్తో చిన్న చిన్న వరసలు మళ్లీ మళ్లీ వాయించాడు. వినేవాడికి పట్టుకోవడానికి ఒక ఆసరా దొరికింది. మొదటి భాగమే 26 నిమిషాలు, అయినా ఎక్కడా తడుముకున్నట్టు అనిపించదు. (ఆఖరి చిన్న ముక్క మాత్రం ఆయన ముందే కట్టుకున్న బాణీ.) తమాషా ఏమిటంటే, పదే పదే విన్నాక ఇది కూడా రాసిపెట్టిన కృతిలాగే అయిపోతుంది. తర్వాతి మలుపు మన చెవికి ముందే తెలుసు. దీని స్వరలిపి అచ్చు వేయడానికి జారెట్ చాలాకాలం ఒప్పుకోలేదు. ఒప్పుకున్నప్పుడు కూడా రికార్డింగ్‌నే ప్రమాణంగా తీసుకోమన్నాడు.

ఇలాంటి సంగీతం రికార్డులో నిలవడానికి రెండో దారి కత్తెర, అంటే టేపును కోసి అతికించడం. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1969 ఆల్బమ్ 'ఇన్ ఎ సైలెంట్ వే'లో నిర్మాత టియో మాసెరో మొదట వినిపించిన భాగాన్నే టేపు అతికించి చివర్లో మళ్లీ వినిపించాడు. జర్మన్ బృందం కాన్ కూడా గంటల తరబడి వాయించి, అందులోంచి ముక్కలు కోసి ఆల్బమ్‌లు చేసింది. ఇది మోసం అనేవాళ్లున్నారు. నాకైతే ఆల్బమ్ అన్నాక ఎవరో ఒకరు కూర్చుని ఏరాల్సిందే.

రాగాలాపన సంగతేంటి అంటారేమో. అక్కడ రాగం ముందే ఉంది, ఏ స్వరం ఎలా పలకాలో పాడేవారికీ వినేవారికీ తెలుసు. అది వేరే లెక్క.

కొత్తగా వినేవాళ్లకు నేను చెప్పేది ఆస్ట్రేలియా ముగ్గురి బృందం ద నెక్స్. గంటకు దగ్గరగా ఒకే ముక్క సాగుతుంది, మార్పు ఎంత మెల్లగా వస్తుందంటే వెతుకులాట అన్నదే వినబడదు. గోలగా ఉండే పెద్ద బృందాలు తర్వాత. జాజ్ శాక్సొఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ 1960లో రికార్డు చేసిన 'ఫ్రీ జాజ్' ఆల్బమ్ వినాలనుకుంటే (మధ్యమధ్య రాసుకున్న భాగాలున్నాయి, పూర్తిగా అప్పటికప్పుడు పుట్టింది కాదు) హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఎడమ చెవిలో ఒక నలుగురు, కుడి చెవిలో ఇంకో నలుగురు ఉంటారు. మొదటిసారి ఎడమవైపు వాళ్లను మాత్రమే పట్టుకోండి.