ఒప్పుకున్నడని పేపర్ల వచ్చినా, చదవాల్సింది పంచనామా

అమెరికాల మర్డర్ కేసుల శిక్ష పడ్డ స్టీవెన్ ఏవరీ మీద వచ్చిన డాక్యుమెంటరీ సిరీస్ చూసి, "ఇసొంటిది దేవరకొండ దిక్కు జరిగితే, మనోణ్ని ఇరికించిన్రా లేదా అని ఏ కాగితం చూసి తెలుసుకోవాలె?" అని అడిగిన్రు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు మర్డర్ కేసుల కాగితాలు ఏ తీరుగ ఉంటయో దాన్ని బట్టి చెప్త.

ఆ సిరీస్‌ల రెండు సంగతులు మనసుల నిలుస్తయి. ఒకటి చనిపోయినామె కారు తాళంచెవి. ఏవరీ పడకగదిని అప్పటికే వెతికిన్రు, దొరకలే. మళ్ల ఒకనాడు పోతే నేల మీద కనబడ్డది. రెండోది మేనల్లుడు బ్రెండన్ డాసీ. 16 ఏండ్ల పిల్లగాడు, పక్కన వకీలు లేడు, తల్లి లేదు, అడిగి అడిగి ఒప్పించిన్రు. 2007ల శిక్ష పడ్డది. 2016ల ఒక ఫెడరల్ జడ్జి ఆ ఒప్పుకోలు చెల్లదన్నడు, 2017ల అప్పీలు కోర్టు 4-3 తీర్పుతోని చెల్లుతదన్నది.

మన దగ్గర ఆ ఒప్పుకోలు లోపటికే రాదు. పోలీసు ముంగట చెప్పింది సాక్ష్యం కాదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌ల 25, 26 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌ల 23. ముసుగేసి ప్రెస్‌మీట్ల నిలబెట్టి "నేరం అంగీకరించిండు" అంటే అది పేపరోళ్లకు పనికొస్తది, జడ్జికి కాదు. కానీ ఒక సందు ఉన్నది, మన కేసులు సగం ఆ సందులకెల్లే నడుస్తయి: ముద్దాయి చెప్పిన మాటతోని ఒక వస్తువు దొరికితే, దొరుకుడుకు సంబంధించినంత మాట చెల్లుతది. పాత సెక్షన్ 27 అంటే ఇదే. దీనికి హద్దు గీసింది గుంటూరు దిక్కు కేసు, పులుకూరి కోటయ్య, 1947, ప్రివీ కౌన్సిల్ (బ్రిటిషోళ్ల కాలంల అన్నిటికన్నా పై కోర్టు). "మా ఇంటి కప్పుల దాచిన కత్తి చూపిస్త" అన్నకాడికి తీస్కోవచ్చు, "దాంతోనే పొడిచిన" అన్నది తీస్కోరాదు. పోలీసు కాగితాలల్ల ఈ రెండు ముక్కలు ఒకే వాక్యంల కుట్టి ఉంటయి. విడదీసి చదవాలె.

అందుకే ముందుగాల చూడాల్సింది కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా, అంటే ఒప్పుకోలు, వస్తువు స్వాధీనం రెండు కలిపి రాసిన కాగితం. మన తాళంచెవి అండ్లనే ఉంటది.

పెన్ను తీస్కొని టైములు రాసుకోండి. రిమాండ్ రిపోర్ట్‌ల అరెస్టు టైము, ఒప్పుకోలు మొదలైన టైము, గొడ్డలి దొరికిన టైము, ఠాణా నుంచి ఆ చేనుకు దూరం. పొద్దున 6కు బస్టాండ్ల పట్టుకున్నరు, 7కు ఠాణాల నాలుగు పేజీల ఒప్పుకోలు రాసిన్రు, 8కి 40 కిలోమీటర్ల అవతల వస్తువు సీజ్ చేసిన్రు అంటే లెక్క కలవదు. తర్వాత, ఆ జాగను అప్పటికే పోలీసులు చూసిన్రా? సీన్ పంచనామాల, ఇన్‌క్వెస్ట్‌ల (శవ పంచనామా) అదే బాయి, అదే గట్టు పేరు ఉంటే కొత్తగ "కనుక్కున్నది" ఏముంది? నలుగురు నడిచే డొంకల దొరికిన కత్తికీ పెద్దగ బలం ఉండదు.

ఇగ పంచులు, అంటే పంచనామా మీద సాక్షులుగ సంతకం పెట్టేటోళ్లు. 2020ల ఆ కొలువులు తీసేసే దాకా వీఆర్ఓలే (ఊరి రెవెన్యూ ఉద్యోగులు) ఎక్కువ వచ్చేటోళ్లు. ఆ ఊరోళ్లను వదిలిపెట్టి ఠాణా పక్కపొంటి దుకాణమాయన పంచ్‌గ ఉంటే, అదే ఠాణా పాత జడ్జిమెంట్లల్ల ఆయన పేరు వస్తదేమో వెతకండి. కోర్టుల మన వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌ల "సంతకం యాడ పెట్టినవ్?" అని అడిగితే "ఠాణాల్నే సార్" అన్న ఒక్క మాటకు రికవరీ మొత్తం కూలిపోయేది ఉంటది. 2024 జులై తర్వాతి కేసైతే సీజర్‌ను వీడియో తీసి ఆలస్యం లేకుండ మేజిస్ట్రేట్‌కు పంపాలె, బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ జాగల వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 105. వీడియో యాడుందని రాతపూర్వకంగ అడగండి.

దొరికిన వస్తువు తర్వాత ఏమైందో కూడ అంతే ముఖ్యం. సీజ్ చేసిన తారీఖు, కోర్టుకు పోయిన తారీఖు, హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఎఫ్ఎస్ఎల్‌కు (ఫోరెన్సిక్ ల్యాబ్) చేరిన తారీఖు, సీలు పదిలంగ ఉన్నదా లేదా. నడుమ ఎక్కువ రోజుల ఖాళీ ఉంటే అన్ని దినాలు ఎవరి చేతుల ఉన్నదో ఐవో (దర్యాప్తు చేసిన పోలీసు అధికారి) చెప్పాలె. రక్తమంటిన బట్టలను నీడకు ఆరబెట్టి కాగితం కవర్ల పెట్టాలె. తడివి తడిగనే ప్లాస్టిక్‌ల కడితే కుళ్లిపోతయి, "మనిషి రక్తమే, గ్రూపు తేలలేదు" అని రిపోర్ట్ వస్తది. గ్రూపు కలిసినా అది ఫలానా మనిషిదేనని కాదు. ఓ పాజిటివ్ ఊర్ల శానా మందికి ఉంటది.

ఎఫ్ఐఆర్ మీద మేజిస్ట్రేట్ చేతిరాతతోని అందిన టైము ఉంటది. మర్డర్ కేసుల రాత్రయినా ఇంటికి పంపుతరు. రాత్రి 9కి ఫిర్యాదు అని రాసి తెల్లారి మధ్యాహ్నం అందితే, నడుమ పేర్లు ఎక్కినయా అని అనుమానపడాలె. కల్లు దుకాణం కాడ ఇద్దరిని కలిసి చూసినమన్న సాక్షి ఉంటే, ఆయన స్టేట్‌మెంట్ ఎన్ని రోజులకు తీస్కున్నరో చూడండి. చూసిన గంటకు, చావు గంటకు నడుమ ఎడం పెరిగినకొద్ది ఆ సాక్ష్యం పల్చబడ్తది. టవర్ లొకేషన్ చూపెట్టి భయపెడ్తరు గని, మన పల్లెల్ల ఒక టవర్ కిందికి రెండు మూడు ఊర్లు వస్తయి. ఫలానా ఇంట్ల ఉన్నడని దాంతోని తేలది.

అమెరికా దాకా ఎందుకు, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్ల 2007ల జరిగిన హత్య చూడండి. 2010ల శిక్ష పడ్డ పిల్లగాడిని 2017 మార్చిల హైకోర్టు నిర్దోషి అన్నది, లక్ష రూపాయలు ఇయ్యమన్నది. అప్పటికి ఎనిమిదేండ్లు జైల్ల పోయినయి.

ముద్దాయికి అప్పటికి 18 నిండలేదన్న అనుమానముంటే బడి సర్టిఫికెట్ గని, ఎస్సెస్సీ మెమో గని తీస్కపోయి మొదటి రోజే కోర్టుల పెట్టండి. అవి లేకుంటే పంచాయతీ పుట్టిన సర్టిఫికెట్, అదీ లేకుంటేనే ఎముకల పరీక్ష.

రిమాండ్ రోజుతోని కలిపి 90 రోజులకు చార్జిషీట్ పడకుంటే బెయిల్ హక్కు. కాకపోతే చార్జిషీట్ పడకముందే పిటిషన్ వెయ్యాలె, ఒక్క పూట ఆగినా హక్కు పోతది. కాగితాల కాపీలు ముద్దాయికి ఉచితంగనే ఇయ్యాలె. వకీలు ఫీజు కట్టలేకుంటే జిల్లా కోర్టుల లీగల్ సర్వీసెస్ అథారిటీకి పొండి, లేకుంటే 15100కు ఫోన్ చెయ్యండి. కస్టడీల ఉన్నోళ్లకు ఆదాయం లెక్క అడగరు.

వీటన్నిటికంటే ముందుగాల చెయ్యాల్సిన పని ఒకటుంది, దాన్నే అందరు మరుస్తరు. మనోడు ఆ రాత్రి వేరే కాడ ఉంటే, ఆ పెట్రోల్ బంకు, ఆ దాబా సీసీ కెమెరా రికార్డు కోర్టు ద్వారా భద్రం చేయించాలె. డీవీఆర్ల (కెమెరా రికార్డు డబ్బా) పాతదాని మీద కొత్తది ఎక్కుతనే ఉంటది, కొన్నిటికి పది పదిహేను రోజులే. అరెస్టయిన వారంల పిటిషన్ పడాలె.