ఫస్ట్ యానిమే ఏది చూపించాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

కొత్తవాళ్ల చేత యానిమే (జపాన్ యానిమేషన్) ఎలా మొదలుపెట్టించాలని చాలామంది అడుగుతున్నారు. విచిత్రం ఏంటంటే అడిగేవాళ్లలో కొత్తవాళ్లు తక్కువ, వాళ్లని ఎలాగైనా ఇందులోకి లాగాలని చూసే అభిమానులే ఎక్కువ. సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

ప్రశ్న: మా అక్క క్రైమ్ సిరీస్‌లు, సస్పెన్స్ సినిమాలు ఒక్కటీ వదలదు. యానిమే అనగానే మాత్రం పిల్లల బొమ్మలని ఎగతాళి చేస్తుంది. బతిమాలి వన్ పీస్ పెడితే రెండో ఎపిసోడ్‌కే ఫోన్ పట్టుకుంది. నాకు ప్రాణమైన సిరీస్ అది! తనకెందుకు ఎక్కలేదు? ఇప్పుడేం చూపించాలి?

జవాబు: ఎక్కకపోవడంలో వింతేముంది? సస్పెన్స్ కావాలనే మనిషికి రబ్బరులా సాగే కుర్రాడినీ, సముద్రపు దొంగల గోలనీ చూపించారు. అదీగాక 1999లో మొదలై వెయ్యి ఎపిసోడ్లు దాటినా ఇంకా నడుస్తూనే ఉన్న కథ అది. "ముందుముందు బాగుంటుంది, కాస్త ఓపిక పట్టు" అని పక్కనుంచి మీరు అనే ఉంటారు. ఆ ముందుముందు ఎంత దూరంలో ఉందో తెలిసిన ఎవరికైనా ఓపిక నశిస్తుంది. వన్ పీస్ గొప్పది కాదని కాదు, కొత్తవాళ్లకి ఇచ్చే మొదటి సిరీస్ అది కాదు. మీకేది ఇష్టమో కాసేపు మర్చిపోయి, ఆవిడ ఇప్పటికే ఏం చూస్తోందో దానికి దగ్గరగా ఉండేది, మరీ పొడుగు లేనిది, ముగింపు దాకా వచ్చేసింది వెతకండి.

మీ అక్కకి డెత్ నోట్ పెట్టండి. 2006లో మొదలైంది, 37 ఎపిసోడ్లు, కథ అక్కడితో అయిపోతుంది. మొదటి ఎపిసోడ్ చాలు మనిషిని కూర్చోబెట్టడానికి. క్లాసులో విసుగెత్తి కిటికీలోంచి బయటికి చూస్తున్న లైట్ అనే స్టూడెంట్‌కి పైనుంచి ఒక నల్ల నోట్‌బుక్ పడటం కనిపిస్తుంది. తీసి చూస్తే, ఇందులో ఎవరి పేరు రాస్తే వాళ్లు చనిపోతారని ఉంటుంది. ఎవడో ఆడిన ఆట అనుకుంటాడు. తీరా ఇంటికెళ్లాక టీవీలో, చిన్నపిల్లల్ని బందీలుగా పట్టుకున్నవాడి వార్త వస్తుంటే వాడి పేరు రాసి గడియారం వైపు చూస్తాడు. 40 సెకన్లు. ఏమీ జరగలేదనుకుని టీవీ కట్టేయబోతుంటే బందీలు బయటికి రావడం మొదలవుతుంది. క్రైమ్ కథలు నమిలేసిన మనిషి దీని తర్వాత రెండో ఎపిసోడ్ పెట్టకుండా ఉండటం కష్టం, అందులోనూ ఎల్ అనే డిటెక్టివ్ రంగంలోకి దిగాక నేరం చేసిందెవరో మనకి ముందే తెలిసి కూడా ఊపిరి బిగబట్టి చూస్తాం. చివరి మూడోవంతులో పట్టు సడలుతుందని చాలామంది అంటారు, నా మాటా అదే. కానీ అప్పటికి మీ పని అయిపోయి ఉంటుంది.

37 కూడా ఎక్కువే అంటే ఎరేస్డ్ ఉంది, 2016లో వచ్చింది, 12 ఎపిసోడ్లే. చిన్నప్పుడు తన క్లాస్‌మేట్స్‌ని ఎత్తుకెళ్లి చంపినవాడిని ఆపడానికి ఒకతను మళ్లీ 1988కి, తన చిన్నతనంలోకి వెళ్లే కథ. ఒక్క రిక్వెస్ట్, మంచి సీన్ వచ్చిన ప్రతిసారీ ఆవిడ మొహంలోకి చూడటం, "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని మోచేత్తో పొడవటం మానేయండి. సిరీస్ బాగుంటే అదే చూసుకుంటుంది.

ప్రశ్న: ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అని వెతికితే రెండు సిరీస్‌లు వస్తున్నాయి. మా తమ్ముడికి యాక్షన్ ఇష్టం. ఏది పెట్టాలి?

జవాబు: బ్రదర్‌హుడ్ అని ఉన్నది పెట్టండి. 2003లో మొదటిది వచ్చేటప్పటికి దానికి మూలమైన హిరోము అరకావా మాంగా (జపాన్ కామిక్) ఇంకా నడుస్తోంది. అందుకే 51 ఎపిసోడ్ల ఆ సిరీస్ మధ్యలోంచి తన దారి తను చూసుకుని వేరే ముగింపుకి వెళ్లిపోయింది. 2009లో మొదలైన బ్రదర్‌హుడ్ 64 ఎపిసోడ్లలో మాంగా కథని చివరిదాకా చెబుతుంది. రెండూ చూడాలా అంటే, ఇది నచ్చితే తర్వాత తీరిగ్గా పాతదీ చూడొచ్చు, నష్టం లేదు.

ఒక్క జాగ్రత్త. బ్రదర్‌హుడ్ మొదటి ఎపిసోడ్ కొత్తవాళ్లని కంగారు పెడుతుంది, ఎవరెవరో వస్తారు, కొట్టుకుంటారు, ఎవడు ఎవడో అర్థం కాదు. రెండోదాంట్లో అసలు కథ దొరుకుతుంది. చనిపోయిన తల్లిని రసవాదంతో బతికించబోయి ఒకడు కాలూ చెయ్యీ, ఇంకొకడు మొత్తం ఒళ్లే పోగొట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు. కాబట్టి మీ తమ్ముడికి మొదటి రెండూ ఒకే దఫాలో చూపించండి. తొలి భాగం కొంచెం పరుగులు పెడుతుంది, పాత సిరీస్‌లో ఆ కథ ఒకసారి వచ్చేసింది కదా, అందుకే కాబోలు.

ప్రశ్న: మావారు చూసేవన్నీ అరుపులు, కత్తులు, రక్తం. నాకూ యానిమే చూడాలనే ఉంది గానీ నెమ్మదిగా సాగే మనుషుల కథలు ఇష్టం. అలాంటివి ఉంటాయా?

జవాబు: ఉంటాయా అని అడగడం చూస్తే మీ వారి మీద కోపం వస్తోంది, ఇన్నాళ్లూ మీకు చెప్పలేదా! ఫ్రీరెన్‌తో మొదలుపెట్టండి. మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు, 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. మామూలు కథలు ముగిసే చోట ఇది మొదలవుతుంది. రాక్షసరాజుని చంపేసి నలుగురు స్నేహితులు తిరిగొస్తారు. పదేళ్ల ప్రయాణం అది. ఆ నలుగురిలో ఫ్రీరెన్ ఎల్ఫ్, అంటే మనుషుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువకాలం బతికే జాతి, వెయ్యేళ్లు దాటింది, ఆమెకి ఆ పదేళ్లు లెక్కలోకి రావు. అందరూ కలిసి ఉల్కలు రాలడం చూస్తారు. యాభై ఏళ్లకోసారి వచ్చేవి. ఈసారి ఇంకా బాగా కనిపించే చోటు నాకు తెలుసు, తీసుకెళ్తానని తేలిగ్గా అనేసి వెళ్లిపోతుంది. అన్నట్టే యాభై ఏళ్లకి వస్తుంది. ఆమె అలాగే ఉంటుంది, ఆ నలుగురికీ నాయకుడైన హిమ్మెల్ మాత్రం ముసలివాడైపోయి, జుట్టంతా రాలి, కర్ర పట్టుకుని ఎదురొస్తాడు. తర్వాత కొన్నాళ్లకే అతని అంత్యక్రియలు. ఏడుపు రాని ఫ్రీరెన్‌ని చూసి జనం తప్పుపడుతుంటే, ఇతని గురించి తెలుసుకోవాలని నేనెందుకు అనుకోలేదని అక్కడికక్కడే ఏడ్చేస్తుంది. ఇదంతా మొదటి ఎపిసోడే. జపాన్‌లో మొదటి నాలుగు ఎపిసోడ్లనీ కలిపి ఒకే రాత్రి రెండు గంటల స్పెషల్‌గా వేశారు, వీలైతే మీరూ అలాగే చూడండి. మధ్యమధ్యలో కొట్లాటలూ ఉంటాయి, రెండో సగంలో పరీక్ష పేరుతో కాస్త ఎక్కువగానే ఉంటాయి, కానీ కథ బరువు వాటి మీద లేదు.

నవ్వుకోవాలనుంటే బారకమోన్, 12 ఎపిసోడ్లు. తన రాతని విమర్శించిన పెద్దాయన్ని కొట్టి, ఆ తప్పుకి జపాన్‌లోని గోతో దీవులకి పంపబడ్డ ఒక యువ కాలిగ్రఫీ కళాకారుడు, అతని ఇంట్లో అడగకుండా దూరిపోయే ఒక అల్లరి పిల్ల. ఇద్దరూ కలిసి చూడాలంటే స్పై ఫ్యామిలీ. భర్త గూఢచారి, భార్య హంతకురాలు, ఈ సంగతి ఒకరిది ఒకరికి తెలియదు, మనసులో మాటలు వినగలిగే పాపకి మాత్రం అన్నీ తెలుసు. మీవారికి కావాల్సిన కొట్లాట అందులో ఉంటుంది, మీకు కావాల్సిన ఇల్లూ ఉంటుంది.

ప్రశ్న: జపనీస్‌లోనే సబ్‌టైటిల్స్‌తో చూడాలి, డబ్బింగ్ చూస్తే చూసినట్టే కాదని నా ఫ్రెండ్ అంటాడు. నిజమేనా?

జవాబు: మీ ఫ్రెండ్‌ని పట్టించుకోకండి. స్క్రీన్ కింద అక్షరాలు చదివే అలవాటు లేనివాళ్లకి సగం బొమ్మ చదవడంలోనే పోతుంది. 1998 నాటి కౌబాయ్ బెబాప్ ఇంగ్లీష్ డబ్బింగ్‌ని జపనీస్ కంటే మెచ్చుకునేవాళ్లు ఎంతమందో. ఏది సుఖంగా ఉంటే అది. రెండు మూడు సిరీస్‌లయ్యాక చాలామంది వాళ్లంతట వాళ్లే జపనీస్‌కి మారతారు, మారకపోయినా కొంపలేం మునగవు.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. బొమ్మలు ముద్దుగా ఉన్నవి చూసి పెడితే సరిపోతుందా?

జవాబు: అస్సలు సరిపోదు, టెన్షన్ పడాల్సింది అక్కడే. మడోకా మ్యాజికా అనే సిరీస్ పోస్టర్ చూస్తే రంగురంగుల గౌన్లు, పెద్ద పెద్ద కళ్లు, ఒక తెల్లటి బుజ్జి జంతువు. లోపల చావులు, నిస్పృహ. పెద్దవాళ్లే మూడో ఎపిసోడ్ దగ్గర ఉలిక్కిపడతారు. పాపకి సిరీస్ కంటే ముందు సినిమా మంచిది, 'మై నైబర్ టొటొరో' పెట్టండి. 1988లో జపాన్ థియేటర్లలో దీనికి జతగా వేసిన సినిమా 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్', యుద్ధంలో ఆకలికి మాడిపోయే అన్నాచెల్లెళ్ల కథ. రెండూ ఒకే స్టూడియోవి, ఒకేరోజు విడుదలైనవి. అదే స్టూడియో కదా అని రెండోది పాపకి పెట్టేయకండి.

ప్రశ్న: నరుటో మొదలుపెట్టాను. మధ్యలో కథ కదలడం లేదు. ఆపేయాలా?

జవాబు: ఎన్నోదాంట్లో ఉన్నారు? 135 దాటితే అది ఫిల్లర్. టీవీలో వారం వారం వేస్తుంటే మాంగాని అందుకున్నారు, కథ మిగల్లేదు, ఆగకుండా ఉండటానికి సొంతంగా కథలు అల్లారు. 220 ఎపిసోడ్లలో ఆ చివరి భాగం దాదాపు అంతా అలాంటిదే. మొహమాటం లేకుండా దాటేసి దీని తర్వాతి సిరీస్ షిప్పుడెన్‌కి వెళ్లిపోండి, అక్కడా 500 ఎపిసోడ్లు ఉన్నాయి, అందులోనూ దాటేయాల్సినవి బోలెడు.

ప్రశ్న: మూడు ఎపిసోడ్లు చూసి నచ్చకపోతే వదిలేయమంటారు. పాటించాలా?

జవాబు: ఎక్కువసార్లు పనిచేస్తుంది. ఎపిసోడ్ సుమారు 24 నిమిషాలు, అందులో మొదటి పాట, చివరి పాట తీసేస్తే ఇంకా తక్కువ, మూడు కలిపితే ఒక చిన్న సినిమా అంత కూడా కాదు. స్టెయిన్స్ గేట్ లాంటివి మాత్రం ఈ రూల్‌కి లొంగవు, 24 ఎపిసోడ్లలో సగం దాకా మెల్లగా పేర్చుకుంటూ వచ్చి అప్పుడు విరుచుకుపడుతుంది. అందుకే అది నాకెంత ఇష్టమైనా మొదటి సిరీస్‌గా ఎవరికీ చెప్పను.

ప్రశ్న: డీమన్ స్లేయర్ సిరీస్ అంతా చూసే టైమ్ లేదు. ముగెన్ ట్రైన్ సినిమా ఒక్కటి చూస్తే చాలదా?

జవాబు: చాలదు. 26 ఎపిసోడ్ల మొదటి సీజన్ ఎక్కడ ఆగిందో సినిమా సరిగ్గా అక్కడే మొదలవుతుంది, పాత్రల్ని మళ్లీ పరిచయం చేయదు. టైమ్ లేకపోతే ఎరేస్డ్ చూడండి, ఒక్క ఆదివారంలో అయిపోతుంది.