పక్క చెట్టు చుట్టమేనా? అడవి చెట్ల జన్యువులపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, అడవిలో ఒకే జాతి చెట్లు గుంపుగా ఉంటాయి కదా, అవన్నీ ఒకే తల్లి పిల్లలేనా? పుప్పొడి కిలోమీటర్లు పోతుందని కూడా చదివాను. అలాగైతే జీన్స్ అన్నీ ఎప్పుడో కలిసిపోయి ఉండాలి, మరి పక్కపక్క చెట్లు చుట్టాలెలా అవుతాయి?

జవాబు: పక్కపక్క చెట్లు చుట్టాలవడం, పుప్పొడి దూరం పోవడం, రెండూ కరెక్టేనండి, ఒకే అడవిలో రెండూ ఒకేసారి జరుగుతుంటాయి. చెట్టు ఉన్నచోట నుంచి కదలదు గానీ దాని జీన్స్ రెండు దారుల్లో బయటికి పోతాయి, ఒకటి పుప్పొడి, రెండోది విత్తనం. పుప్పొడి చాలా దూరం పోగలదు, అమెరికాలో లోబ్లోలీ పైన్ పుప్పొడిని చెట్ల నుంచి 41 కిలోమీటర్ల అవతల పట్టుకుని చూస్తే అది ఇంకా మొలకెత్తుతోంది, అంటే ప్రాణంతోనే ఉంది. కానీ పుప్పొడి మోసేది తండ్రి వాటా ఒక్కటే. తల్లి వాటా కదలాలంటే విత్తనమే కదలాలి, ఆ విత్తనాలేమో చాలా జాతుల్లో ఎక్కువ భాగం తల్లి కిందో, ఆ చుట్టుపక్కలో రాలిపోతాయి.

ఇప్పుడు ఒక పెద్ద చెట్టు చుట్టూ మొలిచిన మొక్కల డీఎన్ఏ తీసి చూశారనుకోండి, చాలావాటికి తల్లి అదే, తండ్రులు మాత్రం వేరు వేరు, కొందరు దగ్గరివాళ్లు, కొందరు ఎక్కడో దూరంగా ఉన్నవాళ్లు. అందుకే సైంటిస్టులు ప్రతి రెండు చెట్ల మధ్య చుట్టరికం ఎంతో లెక్కగట్టి, వాటి మధ్య దూరానికి ఎదురుగా గ్రాఫ్ గీస్తారు, చాలా జాతుల్లో కొన్ని పదుల మీటర్ల దాకా చుట్టరికం బాగా కనపడుతుంది, తర్వాత గీత కిందికి దిగిపోతుంది. దూరం పెరిగేకొద్దీ పోలిక తగ్గుతుందన్న లెక్కని సూయల్ రైట్ అనే అమెరికన్ సైంటిస్ట్ 1943లోనే రాశాడు. ఊరు దాటేకొద్దీ యాస కొంచెం కొంచెంగా మారినట్టే, ఇక్కడ గీత గీసి ఇది ఒకటి అది ఇంకొకటి అనడానికి ఉండదు.

ఇంకో మాట. మొలకల్లో ఉన్నంత చుట్టరికం పెద్ద చెట్ల మధ్య చాలాసార్లు ఉండదు, ఎందుకంటే ఒకే చోట కిక్కిరిసి మొలిచిన తోబుట్టువుల్లో ఎక్కువ భాగం ఎదగకుండానే చచ్చిపోతాయి. విత్తనాన్ని ఎవరు మోస్తున్నారన్నది కూడా చూడాలి. వైట్‌బార్క్ పైన్ విత్తనాల్ని నట్‌క్రాకర్ అనే పక్షి చాలా దూరం మోసుకుపోయి, ఒక్కో గుంటలో కొన్నేసి కలిపి దాచుకుంటుంది, తినడం మర్చిపోయిన గుంటల్లోంచి మొక్కలు గుత్తిగా లేస్తాయి, ఆ గుత్తిలోవి చాలాసార్లు దగ్గరి చుట్టాలే. అంటే విత్తనం దూరం పోయినా చుట్టరికం విడిపోలేదు చూడండి, నాకైతే ఈ సబ్జెక్టు మొత్తంలో ఇదే చాలా ఇష్టం.

ప్రశ్న: జీన్స్ పుప్పొడితో వచ్చాయా విత్తనంతో వచ్చాయా అని విడిగా ఎలా చెప్తారు?

జవాబు: దీనికి పత్రహరితం ఉండే క్లోరోప్లాస్ట్‌లోని డీఎన్ఏ పనికొస్తుంది. పూలు పూసే చెట్లలో అది ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది కాబట్టి విత్తనంతో పాటే కదులుతుంది, కణకేంద్రంలోని డీఎన్ఏ అయితే రెండు దారుల్లోనూ కదులుతుంది, రెండిట్నీ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. యూరప్ ఓక్ చెట్ల మీద 2002లో వచ్చిన పని చూడాలి, 2,600కు పైగా చోట్ల నుంచి చెట్లు తీసుకుని క్లోరోప్లాస్ట్ మ్యాప్ వేశారు. మంచుయుగంలో ఓక్‌లు స్పెయిన్ వైపు, ఇటలీ, బాల్కన్ ప్రాంతాల్లో తలదాచుకుని, తర్వాత ఉత్తరానికి ఏ దారిలో వచ్చాయో ఆ మ్యాప్‌లో ఇప్పటికీ కనపడుతుంది, వేల ఏళ్లయినా చెరిగిపోలేదు. అదే చెట్ల కణకేంద్రం డీఎన్ఏ చూస్తే అడవికీ అడవికీ తేడా నూటికి రెండు మూడు వంతులే, ఎందుకంటే పుప్పొడి అంతా కలిపేసింది. పైన్ కుటుంబంలో మాత్రం ఇది తిరగబడుతుంది, అక్కడ క్లోరోప్లాస్ట్ డీఎన్ఏ తండ్రి నుంచి, మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగం) డీఎన్ఏ తల్లి నుంచి వస్తాయి, చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: అడవి కొట్టేశాక మైదానంలో ఒక్క చెట్టు మిగిలింది అనుకుందాం. జన్యుపరంగా దాని కథ అయిపోయినట్టేనా?

జవాబు: అంత తొందరగా తేల్చేయకండి. అమెజాన్‌లో డినీజియా అనే మహావృక్షాలు పశువుల మేతభూముల్లో అక్కడొకటి అక్కడొకటి మిగిలితే, బయటినుంచి వచ్చి స్థిరపడ్డ ఆఫ్రికన్ తేనెటీగలు వాటి పుప్పొడిని 3.2 కిలోమీటర్ల దాకా మోశాయి. నమీబియా ఎడారిలో ఉగాబ్ నది వెంబడి మేడి కుటుంబానికే చెందిన సైకమోర్ చెట్లు ఉంటాయి, వాటి పుప్పొడిని మోసేది రెండు రోజులు కూడా సరిగా బతకని చిన్న కందిరీగ, గాలి మీద తేలుతూ 160 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లిందని 2009లో తేలింది. చూడ్డానికి ఒంటరిగా ఉన్న చెట్టు నిజంగా ఒంటరి కాకపోవచ్చు.

అయితే దీన్ని పట్టుకుని అడవి ముక్కలైనా ఏం కాదు అనేవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. అన్ని జాతులకూ అలాంటి కందిరీగ దొరకదు, మోసే పురుగో పక్షో పోయిందంటే చెట్టుకి సొంత పుప్పొడే దిక్కు, అలా పుట్టే సంతానం చాలా జాతుల్లో బలహీనంగా ఉంటుంది, పైన్‌లలో అయితే సొంత పుప్పొడి పడ్డ విత్తనాలు చాలావరకు లోపల ఖాళీగానే మిగిలిపోతాయి. పైగా మీరు చూస్తున్న పెద్ద చెట్టు అడవి కొట్టకముందు పుట్టింది, దాని డీఎన్ఏలో పాత అడవే ఉంటుంది, దాన్ని టెస్ట్ చేసి అంతా బాగుందంటే ఎలా? ఇప్పుడు కాస్తున్న విత్తనాన్నీ, చుట్టూ లేస్తున్న మొలకల్నీ టెస్ట్ చేయాలి, అసలు అవి లేస్తున్నాయో లేదో ముందు చూడాలి.

ప్రశ్న: మేము కొంతమందిమి కలిసి అడవి జాతుల మొక్కలు పెంచి నాటాలనుకుంటున్నాం. విత్తనాలు బాగా కాసే ఒక మంచి చెట్టు దొరికింది, దాని నుంచే తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఒకే చెట్టు విత్తనాలతో తోట వేస్తే రేపు పూసేవన్నీ ఒక తల్లి పిల్లలే, వాటిలో అవే కలుస్తాయి. పక్కపక్కన ఉన్న పది చెట్ల నుంచి తీసుకున్నా పెద్ద తేడా ఉండదు, కారణం మొదటి జవాబులోనే ఉంది, అవి కూడా చుట్టాలే అయ్యుండొచ్చు. ఒక్కో చెట్టుకీ మధ్య కనీసం 50 నుంచి 100 మీటర్లు ఎడం ఉండేలా చూసుకుని, వీలైతే ముప్పై చెట్లకు తగ్గకుండా, ఒక్కోదాని నుంచి ఇంచుమించు సమానంగా తీసుకోండి, బాగా కాసిన చెట్టుదే బస్తా నింపేయకండి. విడిగా ఉన్న ఒంటి చెట్టు విత్తనం సులువుగా దొరుకుతుంది గానీ సొంత పుప్పొడి వాటా ఎక్కువుండే అవకాశం ఉంది, దాన్ని పక్కన పెట్టండి. ఏ సంచిలోది ఏ చెట్టుదో చీటీ రాసి పెట్టుకుంటే, నర్సరీలో ఏ తల్లి మొలకలు నీరసంగా ఉన్నాయో మీకే తెలిసిపోతుంది, నాటేటప్పుడు ఒక సంచిలోవన్నీ ఒకే వరసలో పెట్టకుండా కలిపి నాటండి.