పేర్లు చీటీలేసి పంచండి, ప్రశ్న మాత్రం పిల్లల్నే వేసుకోనివ్వండి

మీరు అడిగింది రెండు ముక్కలు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో వేర్వేరు వర్గాల నుంచి వచ్చిన ప్రముఖుల మీద ప్రాజెక్టు చేయిస్తే అది నెట్‌సెంటర్ ప్రింటవుట్ కాకుండా ఎలా చూసుకోవాలి, ఎవరికి ఏ పేరు ఇవ్వాలి. రెండోదే ముందు చెప్తాను. నేను బొక్కబోర్లా పడింది అక్కడే.

వరంగల్ వైపు ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల మాది. పిల్లల్లో సగం మంది పక్క తండా నుంచి వస్తారు. మొదటిసారి ఈ ప్రాజెక్టు పెట్టినప్పుడు రాత్రి కూర్చుని మహా తెలివిగా పేర్లు పంచాను. తండా పిల్లకు ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఎస్సీ కాలనీ పిల్లాడికి కవి జాషువా, ముస్లిం పిల్లాడికి బుర్రకథ నాజర్. తమవాళ్ళ గురించి చదివి మురిసిపోతారని నా లెక్క. మర్నాడు తండా పిల్ల కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "తండా దాన్నని నాకు తండా అక్కనే ఇచ్చిన్రా సార్? నాకు రాకెట్ల పోయిన అక్క కావాలె" అంది. 2021లో అంతరిక్షం అంచు దాకా వెళ్ళొచ్చిన బండ్ల శిరీష అన్నమాట. నాకు నోట మాట రాలేదు. జాషువా పేరు వచ్చిన పిల్లాడు ఏమీ అనలేదు, వారం తర్వాత చూస్తే ఏమీ రాయనూ లేదు. ఎవరు ఏ ఇంటి నుంచి వచ్చారో తరగతి ముందు నేనే హాజరు పిలిచినట్టు చదివి పెట్టాను.

అప్పటినుంచి చీటీలే. మధ్యాహ్న భోజనం గిన్నె ఒకటి కడిగి తెచ్చుకుని అందులో వేస్తాం. ఇష్టం లేకపోతే ఒక్కసారి మార్చుకోవచ్చు. జాబితా రాసేది మాత్రం నేనే, అక్కడ ప్రజాస్వామ్యం లేదు. పిల్లలకే వదిలేస్తే నలుగురు క్రికెటర్లు, ముగ్గురు సినిమా హీరోలు, మిగతా అంతా కలాం గారే! జాబితాలో బతికున్నవాళ్ళు కొందరైనా ఉండాలి, లేకపోతే గొప్పవాళ్ళంటే దండ వేసిన ఫోటోలే అనుకుంటారు.

ఇక కాపీ సంగతి. స్టేషనరీ కొట్లో నాయకుల బొమ్మల షీట్లు అమ్ముతారు కదా, ముందు బొమ్మ, వెనక నాలుగు లైన్లు. కత్తిరించి చార్టు మీద అంటిస్తే ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో బడిలోనే వేసే మార్కులు)లో ప్రాజెక్టు మార్కులు పడిపోతాయి. మనమే అలా అలవాటు చేశాం, పిల్లల తప్పు లేదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఫోను, పుస్తకం ఏదీ ముట్టకముందే, ఆ మనిషి గురించి నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్న ఒకటి నోటుబుక్కులో రాయాలి. "ఎప్పుడు పుట్టారు" చెల్లదు. పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు అని నేను చెప్పగానే ఒకడు "మంచుల ఒంటికెట్ల పోతరు సార్" అని రాశాడు. అందరూ నవ్వారు. నేను ఒప్పుకున్నాను, అది మంచి ప్రశ్నే.

జాషువా చీటీ రెండో ఏడాది వేరే పిల్లాడికి వచ్చింది. 1895లో వినుకొండలో పుట్టాడు, 1941లో ఆయన కావ్యం 'గబ్బిలం' వచ్చింది, అందులో గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఇంతవరకే చెప్పాను. వాడి ప్రశ్న: "పావురాన్ని పంపొచ్చు కదా, గబ్బిలమే ఎందుకు?" జవాబు నా నాలుక చివరే ఉంది, కష్టం మీద ఆపుకున్నాను. గబ్బిలాలు ఎక్కడుంటాయో చూసి రమ్మన్నాను. రెండు రోజులకు వచ్చాడు. "గుడిలనే ఉంటయి సార్, దేవుని దాకా పోతయంట. పూజారి తాత చెప్పిండు." వెళ్ళి కూర్చున్నవాడల్లా మళ్ళీ లేచాడు. "అంటే గబ్బిలం పోవచ్చు, ఆయన పోవద్దా?"

అంటరానితనం పాఠం ఆ రోజు చెప్పాను. మన ఊళ్ళోనూ ఉండేదని, గ్లాసులు వేరుగా పెట్టేవాళ్ళని దాచకుండా చెప్పాను. తొమ్మిదేళ్ళ పిల్లలకు ఇవన్నీ ఎందుకు అని చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఒకరన్నారు. అడిగింది తొమ్మిదేళ్ళవాడే మరి.

అన్ని జవాబులూ పుస్తకంలో దొరకవు. మాకు దగ్గర్లోనే పర్వతగిరి మండలం కల్లెడ ఉంది, జీవంజి దీప్తి ఊరు. మేధోపరమైన లోపంతో పుట్టిన అమ్మాయి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అదే ఏడాది మేలో కోబెలో 55.07 సెకన్లలో పరిగెత్తింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ అంకె రాసుకుని ఊరుకుంటే ఏముంది? టేపుతో కొలిస్తే మా బడి ఆవరణ చుట్టూ ఒక రౌండు 80 మీటర్లు వచ్చింది. అయిదు రౌండ్లు. మా ఐదో తరగతి చిరుతపులి ఫోను స్టాప్‌వాచ్‌తో రెండు నిమిషాలకు కాస్త తక్కువలో వచ్చి చెట్టు కింద వెల్లకిలా పడ్డాడు. "55 అంటే మనిషేనా సార్" అన్నాడు ఆయాసపడుతూ.

ఇంకో అలవాటు చేయండి: రాసిన ప్రతి విషయం పక్కన "ఎవరు చెప్పారు" అని ఒక గడి. ఫోను చెప్పింది అంటే కుదరదు, ఫోనులో ఎవరు చెప్పారో రాయాలి. ఈ గడి పనికొచ్చేది రెండు చోట్ల రెండు మాటలు దొరికినప్పుడు. గోండు వీరుడు కొమురం భీము పుట్టిన ఏడాది ఒకచోట 1900, ఇంకోచోట 1901. ప్రాణం విడిచింది 1940లోనే, కానీ ఒకచోట సెప్టెంబరు, ఇంకోచోట అక్టోబరు. ఆయన ప్రాణం విడిచిన జోడేఘాట్‌లో వర్ధంతి చేసేదేమో ఆశ్వయుజ పౌర్ణమికి. పిల్లలు తికమకపడి నన్ను అడిగారు, నేను తేల్చలేదు. మా వంట అవ్వ తేల్చింది, కొంతవరకు: "పౌర్ణమి ఏడాదికో తారీకున వస్తది బిడ్డా, మాకు తారీకులు యాదికుంటయా, తిథులే." గడిలో "వంట అవ్వ" అని రాశారు.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "మా తాతకు ఆధార్‌ల జనవరి 1 అని ఉంది సార్, గది ఉత్తదే. వానలు పడంగ పుట్టిండంట" అంది. ఆ పూట పీరియడ్ మొత్తం ఎవరి తాత ఎప్పుడు పుట్టాడన్న దాని మీదే గడిచింది. భీము పేజీలో తేదీలన్నీ అలాగే ఉన్నాయి, నేను దేన్నీ ఎర్రపెన్నుతో కొట్టేయలేదు.