సైట్ల జాబితా కాదు, ఒక పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి

మేడం, ఉదయగిరి వైపు జడ్పీ హైస్కూల్లో పదో తరగతికి ఫిజిక్స్ చెబుతున్నానని, ఐఎఫ్‌పీ (వేలితో తాకి నడిపే పెద్ద తెర, ఇంటరాక్టివ్ ప్యానెల్) ఉంది గానీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందని, ఏ డిజిటల్ లైబ్రరీలు వాడాలని అడిగారు. పేర్లే కావాలంటే బోలెడు ఉన్నాయి. ట్రైనింగుల్లో పంచే పీడీఎఫ్‌ల నిండా అవే. వాటిలో ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసిన యానిమేషన్లకు 2020 డిసెంబరు 31తోనే కాలం చెల్లింది, అయినా జాబితాల్లోంచి తీసేవాళ్లు లేరు. లింకు ఇస్తే పని అయిపోయిందనుకుంటారు, అది తరగతిలో తెరుచుకుందా లేదా అని అడిగే నాథుడు ఉండడు. నన్నడిగితే, నెట్ లేకుండా నడిచేదే బడికి లైబ్రరీ. మిగతావి ఇంట్లో పాఠం తయారు చేసుకోవడానికి.

అందులో మొదటిది ఫెట్ (PhET), ప్రయోగాలను తెర మీదే చేసి చూసే సిమ్యులేషన్ల సైట్. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టింది. కొత్త సిమ్యులేషన్లలో ఒక్కోటి బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలు, కొన్ని ఎంబీలకు మించదు. సిమ్యులేషన్ పేజీలోనే డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. కింద అనువాదాల పట్టికలో తెలుగు ఉందేమో చూడండి, అన్నింటికీ లేదు. జావా గుర్తున్న పాతవాటి జోలికి పోకండి, అవి ప్యానెల్ మీద నడవవు.

ప్యానెల్ దగ్గర ఎక్కువగా తప్పేది ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫైలును నేరుగా తాకితే ఆండ్రాయిడ్ ఒక్కోసారి దాన్ని హెచ్‌టీఎంఎల్ వ్యూయర్‌లో తెరుస్తుంది, తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. ఫైలు పాడైందని అందరూ దాన్ని తీసేస్తారు. ముందు ఫైలును ప్యానెల్ లోపలి మెమరీకి కాపీ చేసి, దాని మీద వేలు నొక్కి పట్టి 'ఓపెన్ విత్'లో క్రోమ్ ఎంచుకోండి. పీరియడ్ మొదలయ్యాక కాదు, పొద్దున ప్రేయర్‌కి ముందే.

ఇక ఓం నియమం పీరియడ్. దీన్ని విడమరిచి చెప్పాలి, ఎందుకంటే తెర మీది సిమ్యులేషన్‌ను బల్ల మీది ప్రయోగంతో కలపడం ఇక్కడే తెలుస్తుంది. పుస్తకంలో అరమీటరు నైక్రోమ్ తీగ, 1.5 వోల్టుల సెల్స్ నాలుగు అని ఉంటుంది. మీ ల్యాబ్‌లో ఉన్నది 28 గేజ్ తీగ అయితే అరమీటరుకు దాదాపు 5 ఓంలే. నాలుగు సెల్స్ పెడితే ఒక ఆంపియర్ దాటుతుంది. 0-1 అమ్మీటరు ముల్లు చివరికి కొట్టుకుంటుంది, తీగ వేడెక్కుతుంది, సెల్స్ నీరసపడతాయి. కాబట్టి ఒక మీటరు తీసుకోండి, దాదాపు 10 ఓంలు వస్తుంది. చెక్క స్కేలుకు చుట్టేటప్పుడు చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. క్లిప్పులు పెట్టే చోట సాండ్ పేపర్‌తో రుద్దండి, లేకపోతే ముల్లు ఊగుతూనే ఉంటుంది.

ఫెట్‌లో డీసీ సర్క్యూట్ కిట్ తెరిచి ల్యాబ్ తెరకు వెళ్లండి. బ్యాటరీ, రెసిస్టర్ పెట్టి, అమ్మీటరు శ్రేణిలో, వోల్టుమీటరు రెసిస్టర్‌కు సమాంతరంగా కలపండి. రెసిస్టర్ 10 ఓంలకు ఉంచి బ్యాటరీని 1.5, 3, 4.5, 6 వోల్టులుగా మారిస్తే కరెంటు 0.15, 0.30, 0.45, 0.60 ఆంపియర్లు వస్తుంది. పిల్లల బల్ల మీద రీడింగులు ఇంత అందంగా రావు. నాలుగు సెల్స్‌కి 5 వోల్టులే చూపిస్తుంది, ప్రయోగం తప్పిందని పిల్లలు నోట్‌బుక్‌లో 6 అని దిద్దేస్తారు. ఆ దిద్దుబాటును ఆపాలి. అడ్వాన్స్‌డ్ ప్యానెల్లో బ్యాటరీ నిరోధాన్ని 2 ఓంలకు జరపండి. 6 వోల్టుల బ్యాటరీ దగ్గర కరెంటు 0.50కి, వోల్టుమీటరు 5కి దిగుతాయి. రెండింటి నిష్పత్తి మాత్రం 10 దగ్గరే నిలుస్తుంది. పాత సెల్‌లో ఏం జరుగుతోందో, అయినా ఓం నియమం ఎందుకు చెడలేదో పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. ముందు బల్ల, తర్వాత తెర. ఈ వరస తిరగేస్తే పిల్లలు తెర మీది అంకెలు చూసి రాసుకుంటారు, తీగను ముట్టుకోరు.

అందుకే వీడియోలంటే నాకు పడదు. ప్రభుత్వ పాఠాల వేదిక దీక్షా 2017 నుంచి ఉంది, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకుంటుంది, యాప్‌లో దించుకుని నెట్ లేకుండా చూడొచ్చు. మంచిదే. కానీ పది నిమిషాల వీడియో పెట్టి వెనక నిలబడటాన్ని పాఠం అనలేం. యూట్యూబ్ అయితే మధ్యలో ప్రకటన రాగానే తరగతి చెదిరిపోతుంది. వాడాల్సొస్తే ఒకటిన్నర నిమిషం ముక్క చూపించి ఆపండి, తర్వాత ఏమవుతుందో పిల్లల్నే అడగండి. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపే అరవింద్ గుప్తా సైట్‌లోవి చూడటం కన్నా చేయించడం మేలు. ఆయన చెప్పే చిన్న మోటారు తిరగకపోతే ముందు రాగి తీగ కొసలు చూడండి. ఎనామెల్ మొత్తం గీకేసి ఉంటారు, ఒక వైపు మిగల్చాలి.

చదువుకోవడానికి కివిక్స్ అనే యాప్ పెట్టుకోండి, ముందే దించుకున్న పెద్ద ఫైలు నుంచి వికీపీడియా అంతా నెట్ లేకుండా తెరుస్తుంది. 4 జీబీ దాటిన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కనంటే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందని అర్థం. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి, లోపలున్నవి పోతాయి కాబట్టి ముందు తీసి పెట్టుకుని.

ఆకాశం పాఠాలకు స్టెల్లేరియం, ఏ ఊరి నుంచి ఏ వేళ ఆకాశం ఎలా ఉంటుందో చూపే సాఫ్ట్‌వేర్. ఒకసారి ఎక్కించుకుంటే చాలు. పాత కంప్యూటర్లలో గ్రాఫిక్స్ చాలక తెరుచుకోకపోవచ్చు. నెల్లూరు అక్షాంశం 14.44, రేఖాంశం 79.99 ఇచ్చి ఆగస్టు 13, 14 మధ్యాహ్నం చూడండి. 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మీ ఉదయగిరి కొంచెం ఉత్తరాన ఉంది కాబట్టి ఒకటి రెండు రోజులు ముందే, దాదాపు మూడు నిమిషాలు ఆలస్యంగా. ఇలాంటి రోజు ఏప్రిల్ చివర కూడా వస్తుంది గానీ అప్పటికి బడికి సెలవులు. మీటరు కర్రను దారానికి వేలాడదీసిన గుండుతో సరిచూసి నిటారుగా నిలబెట్టి పది నిమిషాల ముందు నుంచే నీడ కొసను గుర్తు పెట్టించండి. మబ్బు పడితే దిగులొద్దు. మరునాడు అదే వేళకు నీడ అర సెంటీమీటరే పెరుగుతుంది, పిల్లలు స్కేలుతో కొలవగలరు.