టీడీఎస్ మీటరుతో ఫ్లోరైడ్ సంగతి తెలియదు

"టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) చూపే మీటరు కొంటే మా బోరు నీళ్లు తాగొచ్చో లేదో తెలుస్తుందా? తక్కువ ఖర్చులో ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఉందా?" అని అడిగారు. మీటరుతో తెలియదు. నేను నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పుట్టి పెరిగాను. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగి గార పట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు చూస్తూ పెద్దయ్యాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

మా మేనత్త ఇంటికి ఒకసారి ఫిల్టర్లు అమ్మే కుర్రాడు వచ్చాడు. ఒక గ్లాసులో బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో తను తెచ్చిన ఆర్వో నీళ్లు పోసి, రెండింట్లో కడ్డీలు దించి కరెంటు ఇచ్చాడు. బోరు నీళ్లు చూస్తుండగానే తుప్పు రంగుకి తిరిగాయి. "చూశారా అమ్మా, ఇన్నేళ్లూ మీరు తాగింది ఇదే" అన్నాడు. అత్తయ్య మొహం పాలిపోయింది. ఆ మురికి నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి అందులో ఏమీ జరగలేదు. ఆ గ్లాసులో చిటికెడు ఉప్పేసి మళ్లీ కరెంటు పెట్టమన్నాను. అవీ ఎర్రబడ్డాయి.

నాకు అంతకంటే కోపం తెప్పించింది పక్కింట్లో జరిగింది. వాళ్ల బోరు నీళ్లకు మీటరు నాలుగొందల లోపే చూపించింది. "మీవి ఫస్ట్ క్లాస్ నీళ్లు" అని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రమే మా స్కూలు ల్యాబులోని ఫీల్డ్ కిట్ తెచ్చి చూశాను. అందులో జిర్కోనియం కలిపిన ఎర్రటి రంగు మందు ఉంటుంది. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని లాక్కుంటే ఎరుపు తగ్గి పసుపు వస్తుంది. వాళ్ల నీళ్లు చార్టులో 1.5 దాటి పసుపులోకి వెళ్లిపోయాయి. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

మీటరు మొత్తం లవణాలను అంచనా కడుతుంది, అంతే. సంతకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి అందులో దొంగ ఉన్నాడో లేడో చెప్పలేం కదా. పైగా కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా నిలవదు, దానితో కలిసి గట్టిపడి విడిపోతుంది. అందుకే మా గ్రానైటు నేలల్లో కాల్షియం తక్కువై నోటికి తియ్యగా ఉండే బోరునే ముందు అనుమానించాలి. కాచితే పోతుందనే వాళ్లూ ఉన్నారు. కాచితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఇక తీసే పద్ధతి. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు 1970లలో తయారు చేసిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు వంచుకోవడమే. సామాను కిరాణా కొట్లో దొరికేదే. కానీ ఎంత వేయాలన్నది ఆ నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) రెండూ చూసి తేల్చాలి. చేతికొచ్చినంత పటిక వేస్తే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. ఫ్లోరైడ్‌ని పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టరైతే ఇంటికి తేలిక. అది నిండిపోయాక కాస్టిక్ సోడాతో, ఆపైన ఆమ్లంతో కడిగి మళ్లీ పనికొచ్చేలా చేయాలి. ఊళ్లలో ఇలాంటి ప్లాంట్లు మూతపడేది అందుకే. ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, గుళికలు కడగడానికి మాత్రం ఎవరూ రారు. ఆర్వో ఫ్లోరైడ్‌ని బాగానే తీస్తుంది, కానీ అది వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువ. వాటిని తెచ్చి మళ్లీ బోరు పక్కనే పోస్తున్నారు!

1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బుని (ఫ్లోరోసిస్) గుర్తించి రాశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీ చేశారు, వాళ్లలో చాలామంది నిలబడింది ఈ నీళ్ల గోడు వినిపించడానికే. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇంటికొస్తున్నా, రుచి బాగాలేదని బోరు నీళ్లే తాగేవాళ్లని చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

మీకు నల్లా నీళ్లు వస్తుంటే తాగడానికీ వంటకీ అవే వాడండి, బోరు స్నానాలకి ఉంచుకోండి. రాకపోతే మీటరు కొనే డబ్బుతో గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో ఫ్లోరైడ్, క్షారత రెండూ చూపించుకోండి. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి చూపించాలి, ఒకే బోరులో కూడా అంకె మారుతుంది.