బాపు ఊపిరితిత్తిలో సూది పెట్టి గడ్డను కాలుస్తారట... మెషిన్ ఆగకపోతే?

ప్రశ్న: మా బాపుకు 68 ఏళ్లు. ఆజంజాహి మిల్లు మూతపడేదాకా అందులోనే మగ్గాల మీద పనిచేశారు. చాలా ఏళ్లు బీడీలు తాగారు. ఈమధ్య స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 2.2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. ఆయాసం ఉంది కాబట్టి ఆపరేషన్ తట్టుకోలేరని, సూదితో మైక్రోవేవ్ అబ్లేషన్ చేద్దామని హైదరాబాద్‌లో డాక్టర్లు చెప్పారు. నాలుగేళ్ల కింద పేస్‌మేకర్ కూడా వేశారు. 'ఓవెన్‌లో పెట్టిన గుడ్డు పేలినట్టు పేలితే ఎట్లా? మధ్యలో కరెంటు పోతే ఎట్లా?' అని మా తమ్ముడు ఒకటే టెన్షన్ పెడుతున్నాడు. ఏదైనా తేడా వస్తే మెషిన్ దానంతటదే ఆగుతుందా? – ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: మీ తమ్ముడి భయాన్ని నవ్వి కొట్టిపారేయలేనమ్మా. వంటింటి ఓవెన్ 2450 మెగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. అబ్లేషన్ మెషిన్లు చాలావరకు వాడేదీ అవే తరంగాలు, కొన్ని మాత్రం 915 వాడతాయి. ఇక గుడ్డు పేలేది పెంకు వల్ల. లోపల పుట్టిన ఆవిరికి బయటికి దారి దొరకదు. ఊపిరితిత్తి నిండా గాలి గదులు, వాటికి గొట్టాలు ఉంటాయి, పెంకులా బిగుసుకుని ఉండదు. పైగా ఇక్కడ తరంగాలు పెట్టె నిండా తిరగవు, సన్నటి సూది కొన చుట్టూ కొద్ది సెంటీమీటర్ల మేరే వేడి పుట్టిస్తాయి. వేడి 60 డిగ్రీలు దాటితే కణాలు క్షణాల్లో చనిపోతాయి. మనకు కావలసింది అదే, గడ్డతో పాటు దాని చుట్టూ కనీసం ఒక అర సెంటీమీటరు మేర.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇలాంటి గదులకు యూపీఎస్ ఉంటుంది. ఒకవేళ మెషిన్ ఆగిపోయినా వేడి పుట్టడం ఆ క్షణమే ఆగుతుంది, గడ్డ సగం మిగిలిపోతుందంతే. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేస్తారు. భయపడాల్సింది మెషిన్ ఆగిపోతుందని కాదు, ఆగాల్సినప్పుడు ఆగదేమోనని. మీరు అడిగిందీ అదే.

సూది గొట్టం లోపల చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. కొన దగ్గర ఎంత వేడి ఉన్నా, పక్కటెముకల మధ్య నుంచి, చర్మం గుండా వెళ్లే భాగం కాలకూడదు కదా. నీళ్లు ఆగినా, గొట్టం వేడెక్కినా మెషిన్ పవర్ తీసేస్తుంది. లోపలికి పంపిన శక్తి ఎక్కువగా వెనక్కి తిరిగొస్తోందంటే కేబులో సూదో పాడైందని లెక్క, అప్పుడూ చాలా మెషిన్లు ఆగిపోతాయి. ఎన్ని వాట్లు, ఎన్ని నిమిషాలు అనేది ముందే పెడతారు, టైమ్ అయిపోగానే ఆగుతుంది.

మా దగ్గర ఒకసారి ఇలాగే జరిగింది. మొదలుపెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు, మెషిన్ కీచుమంది. టెక్నీషియన్ కుర్రాడు అలవాటుగా అలారం నోరు నొక్కి మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ కీచుమంది. మూడోసారి వేలు పెట్టబోతుంటే నేనే ఆపి, వంగి టేబుల్ కింద చూశాను. నీళ్ల ట్యూబ్ మీద స్టూలు కాలు ఉంది. ఎవరో పేషెంట్ పక్కన కూర్చోవడానికి లాక్కున్న స్టూలు. మెషిన్ తన పని తాను సరిగ్గానే చేసింది. దాని మాట వినడానికి మేమే రెండు అలారాలు తీసుకున్నాం.

మీ బాపును అడగండి, ఆయనకు ఇది నాకంటే బాగా తెలుసు. పేక పోగు తెగితే మరమగ్గం దానంతటదే ఆగుతుంది. నేత తప్పుపడితే మాత్రం ఆగదు, అది మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి కంటికే పడాలి. అబ్లేషన్ మెషిన్‌కూ అంతే. నీళ్లు, వాట్లు, టైమ్ దానికి తెలుస్తాయి. సూది కొన గడ్డ మధ్యలో ఉందా, పక్కకు జరిగిందా అనేది తెలియదు. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాక్కుపోతుంది, ఆ వైపు గడ్డ అంచు బతికిపోవచ్చు. దానికి ఏ అలారమూ మోగదు. అది సీటీలో చూసుకుంటూ చేసే డాక్టర్ పని.

మీ బాపు గడ్డ కింది భాగంలో ఉందన్నారు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఎక్కువగా కదిలేది ఆ భాగమే, ఊపిరి ఆడించే కండరం డయాఫ్రమ్ పక్కనే కాబట్టి. అందుకే మత్తు ఎలా ఇస్తారు, సూది పెట్టేటప్పుడు ఊపిరి ఎలా బిగబట్టిస్తారు అని ముందే అడగండి. ఆయాసం ఉన్న మనిషి కాబట్టి మత్తు డాక్టర్‌తో విడిగా మాట్లాడాలి.

ఇక పేస్‌మేకర్. ఇదే ముఖ్యం, మొదటి రోజే చెప్పి ఉండకపోతే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. రేడియోఫ్రీక్వెన్సీ అనే ఇంకో పద్ధతి ఉంది. దాంట్లో తొడలకు ప్యాడ్లు అంటించి ఒంట్లో నుంచి కరెంటు పంపిస్తారు. పేస్‌మేకర్ ఆ కరెంటును గుండె కొట్టుకోవడం అనుకుని తన పని ఆపేసే ప్రమాదం ఉంటుంది. మైక్రోవేవ్‌లో ఆ ప్యాడ్లు ఉండవు, ఒంటి గుండా కరెంటు వెళ్లదు, ఆ మేరకు మేలే. అలాగని వదిలేయకూడదు. అబ్లేషన్‌కు ముందు, తర్వాత పేస్‌మేకర్‌ను చెక్ చేయించాలి. ప్రోగ్రామ్ మార్చాలా వద్దా అనేది కార్డియాలజిస్ట్ చెప్పాలి. ఆ రోజు గుండె మానిటర్, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ గదిలోనే ఉండాలి. పేస్‌మేకర్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు ఇంట్లో ఏ డబ్బాలో ఉందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అవి ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా కార్డియాలజిస్టునే అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు.

ఇంకో మాట, కొంచెం మొహమాటంగా ఉన్నా అడగాల్సిందే. ఈ సూదులు ఒక్కసారి వాడి పారేసేవి. ధర ఎక్కువ కావడంతో కడిగి, స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడే అలవాటు అక్కడక్కడా ఉంది. అలా వాడిన సూదిలో నీళ్ల దారి మూసుకుపోవచ్చు, పైపూత దెబ్బతినొచ్చు. కొత్త ప్యాక్ విప్పారా, దాని బ్యాచ్ స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటించారా అని అడగడం మీ హక్కు. మన దగ్గర 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ 2018 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. పరికరం వల్ల హాని జరిగితే 2015లో మొదలైన మెటీరియో విజిలెన్స్ కార్యక్రమానికి పేషెంట్ ఇంటివాళ్లు కూడా చెప్పొచ్చు, 1800 180 3024 టోల్ ఫ్రీ నంబర్. ఆ స్టిక్కర్ ఉంటేనే ఫిర్యాదు ముందుకు కదులుతుంది.

ఎస్‌బీఆర్‌టీ అనే రేడియేషన్ గురించి మీకు చెప్పారా? ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లలో ఇంత చిన్న గడ్డకు సాధారణంగా ముందు ఆలోచించేది అదే. అది కాదని అబ్లేషన్ ఎందుకు చెప్పారో తెలుసుకోండి. కారణం సరైనదే కావచ్చు, కానీ అది మీకు తెలియాలి.

అబ్లేషన్ తర్వాత ఎక్కువగా వచ్చే ఇబ్బంది న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. చాలామందిలో కొద్దిగా చేరి దానంతటదే పోతుంది, కొందరికి ట్యూబ్ వేయాల్సి వస్తుంది. డిశ్చార్జ్ అయ్యాక కూడా ఇది రావచ్చు. పరకాల చేరాక బాపుకు ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, ఛాతీలో పోటు వచ్చినా, రక్తం ఎక్కువగా పడినా మళ్లీ హైదరాబాద్ బండి ఎక్కొద్దు. వరంగల్‌లో ఎంజీఎం ఉంది, దగ్గర్లో సర్జన్ ఉన్న ఇంకే ఆసుపత్రి అయినా సరే, ముందు ఎక్స్‌రే తీయించండి. కొద్ది రోజులు సన్నగా జ్వరం, దగ్గితే కొంచెం తుప్పు రంగు కళ్లె మామూలే.

నెల తర్వాత తీసే స్కాన్‌లో మచ్చ మొదటి గడ్డకంటే పెద్దదిగా కనిపిస్తుంది. కాల్చిన చోటంతా అందులో కలిసి కనబడుతుంది కాబట్టి. రిపోర్ట్‌లో సైజు చూసి 'పెరిగింది' అని మీ తమ్ముడు మళ్లీ ఫోన్లు మొదలుపెట్టకముందే ఈ ముక్క ఆయనకు చెప్పి ఉంచండి. పాత సీడీలన్నీ తీసుకునే వెళ్లండి, పక్కపక్కన పెట్టి చూడాలి.